ములికి ప్యాకెట్‌కు ఒక వ్యాఖ్యానం

అమెరికాలో ఆకులు రంగు మారే కాలానికి జింకల వేట మొదలవుతుంది. చాలా రాష్ట్రాల్లో తుపాకుల వాళ్లకంటే ముందు విల్లంబుల వాళ్లకు వంతు వస్తుంది. విల్లు వేటకని విస్కాన్సిన్ రాష్ట్రం 1934లో విడిగా సీజన్ పెట్టింది. ఇవాళ యాభై రాష్ట్రాల్లోనూ దానికి అనుమతి ఉంది. ఈ వేటగాళ్లలో కొందరు కప్పీలు బిగించిన కాంపౌండ్ విల్లును పక్కనపెట్టి, కప్పీలు లేని లాంగ్‌బోనో రికర్వ్‌నో పట్టుకుంటారు. లాగిన బరువంతా వేళ్ల మీదే మోస్తారు, చాలామంది గురిచూసే సైట్ కూడా పెట్టుకోరు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరం. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఆ దేశానికి, ఆ చట్టాలకు, అక్కడ లైసెన్సు తీసుకుని అడవిలోకి వెళ్లే వాళ్లకు సంబంధించిన సంగతి.

అలాంటివాడు ములికి కొనడానికి దుకాణానికి వెళ్తే ప్యాకెట్ మీద ఇలాంటి పంక్తి కనిపిస్తుంది:

ట్రెడిషనల్ బ్రాడ్‌హెడ్, టూ బ్లేడ్, 160 గ్రెయిన్, గ్లూ-ఆన్ 11/32, సింగిల్ బెవెల్ రైట్, కార్బన్ స్టీల్ 52 ఆర్‌సీ, కట్ 1-1/8 అంగుళం, ప్యాక్‌కు 3.

మెదక్ సీమలోని కొలచారానికి చెందిన మల్లినాథసూరి కాళిదాసు శ్లోకాలను పదం పదం విప్పి చెప్పాడు. ఈ పంక్తికీ ఆ పద్ధతే సరిపోతుంది. ఇందులోని ప్రతి మాట వెనకా ఒక జంతువు ఎంత త్వరగా, ఎంత తక్కువ బాధతో చనిపోతుందన్న ప్రశ్న ఉంది. ఆ ప్రశ్న వదిలేసి పేరును బట్టో మెరుపును బట్టో ములికి కొనడం నా దృష్టిలో తప్పు.

బ్రాడ్‌హెడ్. పోటీల్లో వాడే బాణానికి సన్నని, నున్నటి మొన ఉంటుంది. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన బాణాలకు ఉన్నది అలాంటి మొనే. అది లక్ష్యంలో గుచ్చుకోవాలి, పీకితే తేలిగ్గా రావాలి. బ్రాడ్‌హెడ్ వెడల్పాటి ములికి, దాని అంచులు కత్తులు. తుపాకీ గుండు తన వేగంతో కండను, ఎముకను చితగ్గొడుతుంది. బాణానికి ఆ వేగం లేదు. అది కోసుకుంటూ పోతుంది, నాళాలు తెగి నెత్తురు పోతుంది, మెదడుకు రక్తం అందక జంతువు కూలిపోతుంది. రెండు ఊపిరితిత్తుల్లోంచీ దూసుకుపోయిన బాణంతో జింక మామూలుగా పది పదిహేను సెకన్లకు మించి నిలబడదు. అదే బాణం ఒక జానెడు వెనక్కి, పేగుల్లో తగిలితే గంటల తరబడి యాతన పడుతుంది. గురి తప్పితే ఏ ములికీ దాన్ని సరిదిద్దలేదు. గురి కుదిరినప్పుడు మాత్రం మిగతా పని పూర్తిచేసేది ములికే.

అమెరికాలో విల్లు వేట మళ్లీ ప్రాణం పోసుకోవడం వెనక ఒక స్నేహం ఉంది. యాహీ తెగలో చివరికి మిగిలిన ఇషీ 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ దగ్గర బయటి ప్రపంచానికి కనిపించాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో అతనికి వైద్యం చేసిన డాక్టర్ సాక్స్‌టన్ పోప్ అతని దగ్గరే విల్లు చెయ్యడం, వెయ్యడం నేర్చుకున్నాడు. ఇషీ 1916లో క్షయతో చనిపోయాడు. పోప్ తను నేర్చుకున్నదంతా 1923లో పుస్తకంగా వేశాడు. ఇషీ అబ్సిడియన్ రాతినుంచి, పగిలిన సీసా గాజునుంచి ములుకులు చెక్కేవాడు. జింక తోలు కప్పిన పెట్టెలో కాలేయం నింపి పోప్ బాణాలు వేసి చూస్తే, ఉక్కు ములికి కంటే అబ్సిడియన్ ములికే ఎక్కువ లోతుకు దిగింది. రాయికి ఉక్కుకున్న దృఢత్వం లేదు, పెళుసు. కానీ దాని అంచు ఎక్కువ పదును. ఈ ఒక్క ప్రయోగం గుర్తుంటే కింద చెప్పబోయే వాటిలో సగం ఇట్టే అర్థమవుతుంది.

ట్రెడిషనల్. ప్యాకెట్ మీద ఇది అలంకారానికి వేసిన మాట కాదు, లెక్కకు సంబంధించిన మాట. లాగడానికి 50 పౌండ్ల బలం కావలసిన రికర్వ్ విల్లు 500 గ్రెయిన్ల బాణాన్ని, అంటే సుమారు 32 గ్రాములను, సెకనుకు 170 అడుగుల వేగంతో వదిలిందనుకుందాం. దాని గతిశక్తి 43 జౌళ్లు. కాంపౌండ్ విల్లు 400 గ్రెయిన్ల బాణాన్ని 290 అడుగుల వేగంతో పంపితే అది నూరు జౌళ్లు దాటుతుంది. థర్టీ-ఆట్-సిక్స్ రైఫిల్ గుండుకు అది 3,800 ప్రాంతంలో ఉంటుంది. ట్రెడిషనల్ వేటగాడి చేతిలో ఉన్న పెట్టుబడి ఇంత చిన్నది. తోలు, పక్కటెముకలు, ఊపిరితిత్తులు, మళ్లీ అవతలి పక్కటెముకలు, తోలు దాటడానికి అందులోంచే ఖర్చు పెట్టాలి. అందుకే కాంపౌండ్ వాళ్లకు బాగా పనిచేసిన ములికి ఇక్కడ పనికి రాకపోవచ్చు. తగిలినప్పుడు బ్లేడ్లు విచ్చుకునే మెకానికల్ ములుకులు వీటిలో మొదటివి. విచ్చుకోవడానికే కొంత శక్తి తినేస్తాయి, విచ్చుకున్నాక వెడల్పు పెరిగి ఇంకా తింటాయి. లాంగ్‌బోకు మెకానికల్ వద్దని నేను మొహమాటం లేకుండా చెబుతాను.

టూ బ్లేడ్. రెండా, మూడా అన్న వాదన ఈ వేటగాళ్లలో తెగేది కాదు. లెక్క మాత్రం తేలికే. 1-1/8 అంగుళం వెడల్పున్న టూ బ్లేడ్ ములికి లోపలికి దిగుతూ ఆ పొడవు కోత కోస్తుంది. అంతే వెడల్పు వలయంలో ఇమిడే త్రీ బ్లేడ్ మొత్తం 1-11/16 అంగుళం కోయాలి, అంటే ఒకటిన్నర రెట్లు. కోత ఎక్కువైతే నెత్తురూ ఎక్కువే కారుతుంది. పైగా మూడు కోతలు కలిసిన గాయం తెరుచుకునే ఉంటుంది, నేల మీద నెత్తుటి జాడ బాగా పడుతుంది. టూ బ్లేడ్ చేసేది ఒక చీలిక, తోలు జరిగితే అది మూసుకుపోగలదు. త్రీ బ్లేడ్ వాళ్లు చెప్పేది ఇదే, అది నిజమే. అయితే ఆ అదనపు కోతకు అదనపు శక్తి కావాలి. అది సరిపోక బాణం అవతలికి రాకుండా లోపలే ఆగిపోతే గాయం ఒకవైపే ఉంటుంది. చెట్టు మీద కట్టిన మంచె నుంచి వేసినప్పుడైతే ఆ ఒక్క గాయం జింక వీపు దగ్గరే ఉండిపోతుంది, నెత్తురంతా లోపలే నిండి నేల మీద చుక్క కనిపించదు. కింది పక్కన బయటికొచ్చే రంధ్రమే జాడ చూపించేది. అందుకే 50 పౌండ్ల లోపు విల్లుకు టూ బ్లేడే నా మాట. 55 దాటిన విల్లుతో, బరువైన బాణంతో త్రీ బ్లేడ్ వేసేవాళ్లతో నాకు పేచీ లేదు.

మధ్యేమార్గం కూడా ఉంది. మిషిగన్‌లో విల్లుల కంపెనీ నడిపిన ఫ్రెడ్ బేర్ 1956లో రేజర్‌హెడ్ తెచ్చాడు. పెద్ద బ్లేడ్లు రెండు, వాటికి అడ్డంగా దూర్చే పలుచని చిన్న బ్లేడు ఒకటి. ఎముక గట్టిగా తగిలితే ఆ చిన్నది విరిగినా పెద్దవి ముందుకు సాగుతాయి. ఇలా అడ్డంగా పెట్టేదాన్ని బ్లీడర్ అంటారు.

టూ బ్లేడ్‌లో ఆకారం కూడా చూడాలి. ఏనుగును సైతం బాణంతో కొట్టిన హోవర్డ్ హిల్ పొడవు మూడు వంతులు, వెడల్పు ఒక వంతు ఉండాలని పట్టుబట్టాడు. ములికి ఒక ఏటవాలు బల్ల లాంటి యంత్రం. వాలు ఎంత పొడవుగా ఉంటే అదే వెడల్పు కోతను అంత తక్కువ బలంతో కోస్తుంది. 1-1/8 వెడల్పుకు ఆ లెక్కన పొడవు 3-3/8 అంగుళాలు కావాలి. కురచగా, వెడల్పుగా ఉన్నది చేతిలో భయంకరంగా కనిపిస్తుంది, పక్కటెముక దగ్గర తడబడుతుంది. చిట్టచివర మొన మరీ సూదిలా ఉంటే ఎముక తగలగానే వంగి కొక్కెంలా తిరుగుతుంది. అది కొద్దిగా ఏటవాలుగా కోసి మందంగా ఉంచినదైతే మంచిది.

160 గ్రెయిన్. ఒక పౌండుకు 7,000 గ్రెయిన్లు. 160 అంటే పది గ్రాముల పైచిలుకు. దుకాణంలో 100, 125 ఎక్కువగా కనిపించేది కాంపౌండ్ వాళ్ల కోసం, వాళ్లు వేగం కోరుకుంటారు. మనకు కావలసింది ఆగకుండా సాగే గుణం. తేలిక బాణం, బరువు బాణం ఒకే విల్లు నుంచి వెళ్లినప్పుడు బరువైనది నెమ్మదిగా వెళ్తుంది కానీ విల్లులోని శక్తిని ఎక్కువ పుచ్చుకుంటుంది, ద్రవ్యవేగం ఎక్కువ మోస్తుంది, విల్లూ చప్పుడు తక్కువ చేస్తుంది. విల్లు లాగే ప్రతి పౌండుకు బాణం మొత్తం బరువు పది గ్రెయిన్లు ఉండాలన్నది పాత వేటగాళ్ల కొండగుర్తు.

బరువు ఎక్కడుందన్నది ఇంకో సంగతి. బాణం తూకం నిలిచే చోటు సరిగ్గా మధ్య నుంచి ఎంత ముందుకు జరిగిందో దాన్ని ఎఫ్ఓసీ అంటారు. 30 అంగుళాల బాణం వెనక నుంచి 19.5 అంగుళాల దగ్గర వేలి మీద నిలిస్తే, మధ్య 15 కనుక తేడా 4.5. దాన్ని 30తో భాగిస్తే 15 శాతం. దక్షిణాఫ్రికాలో 1980ల్లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి నిజమైన జంతువుల కళేబరాల మీద బాణాలు పరీక్షించిన డాక్టర్ ఎడ్ యాష్‌బీ, ముందువైపు బరువు పెరిగేకొద్దీ బాణం లోతుగా దిగుతుందని చూపించాడు. పెద్ద ఎముకలు చీల్చాలంటే మొత్తం 650 గ్రెయిన్ల ప్రాంతం దాటాలని కూడా చెప్పాడు. ఆయన మనసులో ఉన్నది దున్నల వంటి భారీ జంతువులు. తెల్లతోక జింకకు అంత బరువు అక్కర్లేదు. ఆ అంకెను పట్టుకుని 40 పౌండ్ల విల్లుకు 650 గ్రెయిన్ల బాణం ఎక్కిస్తే, అది ఇరవై గజాల్లోనే గుమ్మటంలా వంగి దిగుతుంది, దూరం అంచనాలో కాస్త తేడా వచ్చినా గురి పోతుంది.

ములికి బరువు మార్చితే బాణం బిగువూ మారినట్టే. నారి తోసినప్పుడు బాణం కొద్దిగా వంగి, విల్లు పిడిని చుట్టి, మళ్లీ తిన్ననై వెళ్తుంది. ఆ వంగడాన్ని నిర్ణయించే గట్టిదనాన్ని స్పైన్ అంటారు. ముందు బరువు పెంచితే అదే కర్ర ఎక్కువ వంగుతుంది. 125 నుంచి 160కి మారిన మనిషి కర్రను అలాగే ఉంచుకుంటే బాణం పక్కచూపులు చూస్తుంది. పక్కకు వాలి ఎగిరే బాణం తగిలిన చోట శక్తిలో కొంత కర్ర ఊగడానికే పోతుంది. కాబట్టి ములికి ముందు ఎంచుకుని, దానికి తగిన కర్ర తర్వాత కొనడమే మేలు.

గ్లూ-ఆన్ 11/32. చెక్క బాణాలకు ఇది. కర్ర వ్యాసం 11/32 అంగుళం, చివర ఐదు డిగ్రీల కోణంలో చెక్కుతారు, ములికి గొట్టంలో కరిగే జిగురు పూసి తొడుగుతారు. ఓరెగన్ తీరపు పోర్ట్ ఓర్‌ఫర్డ్ సీడర్ కర్రలంటే ఈ వేటగాళ్లకు ప్రాణం. కార్బన్ బాణాలవాళ్లకు మర బిగింపు ములుకులు, లేదా మధ్యలో ఒక అడాప్టర్. తొడిగాక బాణాన్ని మొన మీద నిలబెట్టి బొటనవేలి గోరు మీద బొంగరంలా తిప్పాలి. మొన దగ్గర వణుకు తెలిస్తే జిగురు వేడిచేసి తిప్పి మళ్లీ కూర్చోబెట్టాలి.

సింగిల్ బెవెల్ రైట్. వడ్రంగి ఉలికి ఒకవైపే వాలు ఉన్నట్టు, ఈ బ్లేడుకూ ఒక పక్కనే సాన పట్టి ఉంటుంది. రెండువైపులా 25 డిగ్రీల చొప్పున పట్టిన అంచు మొత్తం 50 డిగ్రీలైతే, ఇది 25తో సరిపెడుతుంది. అంచు పలుచన. పైగా వాలు ఒకవైపే ఉండటంతో దిగుతున్నప్పుడు ములికి మెలి తిరుగుతుంది, ఎముకలో పడితే దాన్ని చీలుస్తుంది. రైట్ అంటే మెలి తిరిగే దిక్కు. బాణానికి అంటించిన టర్కీ కోడి ఈకలు కుడి రెక్కవైతే రైట్ బెవెల్, ఎడమ రెక్కవైతే లెఫ్ట్. ఈకలు ఒక దిక్కు, ములికి ఇంకో దిక్కు తిప్పితే గాల్లో తిరిగి వచ్చిన బాణం కండలో ఆగి, వెనక్కి తిరగాల్సి వస్తుంది. ఎల్క్, మూస్ వంటి పెద్దవాటి వేటకు సింగిల్ బెవెల్ విలువ నేను ఒప్పుకుంటాను. జింక పక్కటెముక పలుచన, దానికి డబుల్ బెవెల్ అయినా చాలు. సింగిల్ బెవెల్ లేకపోతే వేటే చేయకూడదన్నట్టు కొత్తవాళ్లను భయపెట్టడం మాత్రం సరికాదు.

కార్బన్ స్టీల్ 52 ఆర్‌సీ. ఆర్‌సీ అన్నది ఉక్కు గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ అంకె. మెత్తగా ఉంటే అంచు ఎముక మీద ముడుచుకుంటుంది. మరీ గట్టిదైతే పెళుసై విరుగుతుంది, పైగా ఆకురాయి దాని మీద పట్టు దొరక్క జారుతుంది, వజ్రపు పలక కావాలి. 52 దగ్గర ఆకురాయి ఇంకా కొరుకుతుంది, అంచూ నిలుస్తుంది. కార్బన్ స్టీల్ తుప్పు పడుతుంది. మంచు కురిసిన రాత్రి తర్వాత అంచు మీద ఎర్రటి పొర కనబడితే పదును పోయినట్టే. సాన పట్టాక పల్చగా వాజ్‌లైన్ రాయడం అలవాటు చేసుకోవాలి.

ఇక్కడ వ్యాఖ్యాత ఒక పదం అధ్యాహారం చెయ్యాలి. పంక్తిలో లేనిది, కానీ లేకపోతే అన్వయం కుదరనిది.

పదును. ఏ ప్యాకెట్ మీదా దీనికి అంకె ఉండదు. చాలా ములుకులు పెట్టెలోంచి తీసినప్పుడు వేటకు తగినంత పదునుగా ఉండవు. రక్తనాళం సాగుతుంది. మొద్దు అంచు వస్తే అది పక్కకు జరిగి తప్పించుకుంటుంది. పదునైన అంచు తాకితే చాలు, తెగుతుంది. ఒకే విల్లు, ఒకే బాణం, ఒకే గాయపు చోటు, అయినా ఒక జింక అరవై గజాల్లో పడిపోవడానికీ ఇంకొకటి అడవి దాటిపోవడానికీ ఈ తేడా చాలు.

పద్ధతి ఇది. బ్లేడు వాలు మీద నల్ల మార్కర్ పెన్నుతో గీయాలి. ఆకురాయి మీద రెండు సార్లు తోసి చూడాలి. నలుపు అంచు దగ్గర పోయి వెనక మిగిలితే కోణం మరీ నిటారుగా ఉంది, వెనక పోయి అంచు దగ్గర మిగిలితే మరీ పడుకుంది. నలుపు సమంగా పోయేదాకా చెయ్యి సర్దుకోవాలి. తర్వాత అదే కోణంలో తోస్తూ పోతే అవతలి వైపు అంచు పొడవునా సన్నని గరుకు లేస్తుంది, గోరు తగిలిస్తే చిక్కుకుంటుంది. అది మొన నుంచి మడమ దాకా తెగకుండా ఉందంటే సాన అంచుదాకా చేరినట్టు. అప్పుడు సన్నని సానరాయి, చివర తోలు పట్టీ. పట్టీ మీద అంచును వెనక్కే లాగాలి, ముందుకు తోస్తే తోలు తెగుతుంది. గరుకు రాలిపోతుంది. ముంజేతి వెంట్రుకలు ఒత్తకుండానే రాలితే సరే. సాగదీసి పట్టిన రబ్బరు బ్యాండు ఆనించగానే తెగితే ఇంకా నమ్మకం.

త్రీ బ్లేడ్‌కు ఇంత శ్రమ లేదు. రెండు బ్లేడ్లు ఒకేసారి ఆకురాయి మీద ఆనతాయి, కోణం దానంతటదే కుదురుతుంది. దాని ఆకర్షణలో పెద్ద భాగం అదే. కానీ మూడు బ్లేడ్లు 120 డిగ్రీల ఎడంలో ఉంటాయి కనుక అలా ఆనించి పట్టిన ప్రతి అంచూ 60 డిగ్రీల మందంతో వస్తుంది. సింగిల్ బెవెల్ 25 పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

పదును పట్టిన ములికి అమ్ములపొదిలో ఒకదానికొకటి రాసుకుంటే ఒక్క రోజులో మొద్దుబారుతుంది. విడివిడిగా పట్టి ఉంచే పొది కావాలి. అది చేతికీ రక్షణే, మంచె ఎక్కుతూ జారినవాళ్లకు తమ ములికే దిగిన సంఘటనలు ఉన్నాయి.

కట్ 1-1/8 అంగుళం. పెన్సిల్వేనియా, విస్కాన్సిన్, మిషిగన్, కొలరాడో వంటి రాష్ట్రాల నిబంధనల్లో కనీస వెడల్పు 7/8 అంగుళం, అంటే 22 మిల్లీమీటర్లు. 1-1/8 ఆ గీత దాటి కాస్త వెసులుబాటు ఇస్తుంది. అంతకు మించి 1-1/2 దాకా పోతే మళ్లీ శక్తి లెక్క అడ్డొస్తుంది. వెనకకు తిరిగిన ముళ్లున్న ములికి అలాస్కా వంటి చోట్ల నిషిద్ధం, ఊడి రావాల్సిన గాయంలో ఇరుక్కుని బాధను పొడిగిస్తుంది గనుక అది న్యాయమే.

కోత ఎలా పడిందో దొరికిన బాణం చెబుతుంది. దాని మీద గులాబీ రంగు నురుగు బుడగలుంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగి జాడ పట్టవచ్చు. ముదురు ఎరుపైతే కాలేయం, నాలుగైదు గంటలు ఆగాలి. పచ్చటి పదార్థం, వాసన ఉంటే పేగులు, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు కదలకూడదు. తొందరపడి వెంటపడితే పడుకున్న జంతువు లేచి మైళ్లు పోతుంది.

ప్యాక్‌కు 3. మూడూ వేటకే అనుకోవద్దు. ఒకటి సాధనకు. వెడల్పాటి బ్లేడ్లు ముందు భాగాన రెక్కల్లా పనిచేసి బాణాన్ని పక్కకు లాగుతాయి, అందుకే గుండ్రటి మొనతో కుదిరిన గురి బ్రాడ్‌హెడ్‌తో కుదరకపోవచ్చు. అయిదు అంగుళాల పెద్ద ఈకలు ఆ లాగుడును చాలావరకు అణుస్తాయి. సీజన్‌కు కనీసం నెల ముందు ఒకే బరువున్న మొనలు, ములుకులు మార్చి మార్చి ఫోమ్ దిమ్మ మీద ఇరవై గజాల నుంచి వెయ్యాలి. కుడిచేతి వాటం వాళ్లకు ములుకులు ఎడమకు పోతే కర్ర సాధారణంగా మరీ బిగువు, ములికి బరువు కొంచెం పెంచి చూడాలి. కుడికి పోతే మరీ మెత్తన, కర్రను పావు అంగుళం చొప్పున కురచ చేసి చూడాలి. రెండూ ఒకే చోట పడ్డాక ఆ సాధన ములికికి పెయింటుతో గుర్తు పెట్టి పక్కన ఉంచాలి. ఫోమ్‌లో అన్నిసార్లు దిగిన అంచు మళ్లీ సాన పట్టనిదే అడవికి పనికిరాదు.